‘నాన్-మెయింటెయినర్ అప్‌లోడ్’: టీకా తాత్పర్యము

మూలము: * నాన్-మెయింటెయినర్ అప్‌లోడ్.

అవతారిక: డెబియన్ ప్యాకేజీల మార్పుల చిట్టాలో అప్పుడప్పుడు తగిలే ఏకవాక్యం ఇది. డెబియన్ 1993లో పుట్టిన లైనక్స్ పంపిణీ. దాన్ని నడిపేది వాలంటీర్లు. ప్రతి ప్యాకేజీకీ కంట్రోల్ ఫైలులో ఒక మెయింటెయినర్ పేరు ఉంటుంది. 1998లో ఆమోదం పొందిన వారి రాజ్యాంగం రెండు సంగతులు చెబుతుంది. తన పని విషయంలో డెవలపర్ తనకు తోచిన నిర్ణయం తీసుకోవచ్చు. ఏ పనీ చేసి తీరాలని ఎవరికీ నిర్బంధం లేదు. విడివిడిగా రెండూ ముచ్చటైనవే. కలిపి చదివితేనే చిక్కు: మెయింటెయినర్ చేయరు, చేయమని అనకూడదు, వారిది కనుక ఇంకొకరు చేయడానికి జంకుతారు, బగ్ మాత్రం హాయిగా ఉంటుంది. ప్రస్తుత వాక్యం ఈ సందులోంచి పుట్టింది.

టీక: నాన్-మెయింటెయినర్ = ప్యాకేజీ ఎవరి పేరున ఉన్నదో వారు కానివారి యొక్క; అప్‌లోడ్ = ఆర్కైవ్‌కు పంపుట. క్రియ లేదు, ‘చేయబడినది’ అని అధ్యాహారము. ‘తమరు పట్టించుకోనందున’ అనేది కూడా అధ్యాహారమే గాని, సభ్యత గల వ్యాఖ్యాతలు దాన్ని పైకి చదవరు.

తాత్పర్యము: ఈ ప్యాకేజీ తమదే. బగ్ ఒక్కటే సరిచేయడమైనది. ఇంతకన్న చనువు తీసుకోలేదు.

విశేషములు: ఆ చనువు ఎంత తక్కువో వెర్షన్ సంఖ్యలో కనిపిస్తుంది. 1.2-3 ఉన్నచోట కొత్తది 1.2-3.1 అవుతుంది, 1.2-4 మెయింటెయినర్‌కే మిగులుతుంది. మార్చిన ప్యాచ్‌ను బగ్ నివేదికకు జతచేయాలి. పైగా అప్‌లోడ్ నేరుగా లోపలికి వెళ్ళదు. మామూలు బగ్ అయితే 10 రోజులు, ముఖ్యమైనదైతే 5 రోజులు వాయిదా వరుసలో కూర్చుంటుంది. విడుదలనే ఆపగల బగ్‌ను వారం దాటినా ఎవరూ ముట్టకపోతే మాత్రం వాయిదా అక్కరలేదు. జీతం ఇవ్వని చోట ‘ఇది నాది’ అనే భావమే జీతం. ఈ నియమాలన్నీ ఆ జీతంలో కోత పడకుండా చూసేవే.

శంక: ఒక్కరి పేరున ఎందుకు? బృందానికి అప్పగిస్తే పోదా?

సమాధానము: అప్పగిస్తున్నారు. మెయింటెయినర్ స్థానంలో బృందం పేరు, అప్‌లోడర్ల వరుసలో మనుషుల పేర్లు. అయితే ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత ఇక్కడా చెల్లుతుంది. జాబితాలో పేర్లున్నంత మాత్రాన చూసే కళ్ళున్నట్టు కాదు. 2006లో, గుప్తీకరణకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో, ఒక పరీక్షా సాధనం హెచ్చరిస్తోందని కోడ్ తొలగించారు. దానితో తాళాల తయారీకి కావలసిన యాదృచ్ఛికతలో ప్రాసెస్ సంఖ్య తప్ప దాదాపు ఏమీ మిగల్లేదు. ఆ సంగతి బయటపడింది 2008 మేలో. అలాగని ఇంకొకరిని చేర్చుకోవడమే మందు అనీ చెప్పలేం. ఫైళ్ళను కుదించే సాధనం ఎక్స్‌జెడ్ రచయిత ఒంటరిగా అలసిపోయి ఉంటే, సహాయకుణ్ణి చేర్చుకోమని బయటినుంచి ఒత్తిడి వచ్చింది. చేరిన సహాయకుడే దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో అది దొరికేసరికి డెబియన్ పరీక్షా శాఖల దాకా వచ్చింది, స్థిర విడుదలకు మాత్రం చేరలేదు.

ఇద్దరు మెయింటెయినర్లకే పడకపోతే సాంకేతిక సంఘం ఉంది. సభ్యులు 8 మందికి మించరు. మెయింటెయినర్ మాట కొట్టివేయాలంటే వ్యతిరేక ఓట్లకు మూడింతలు అనుకూలంగా పడాలి. అది చివరి మెట్టే. హ్యామ్ రేడియో వారి ‘నోడ్’, జావాస్క్రిప్టు వారి ‘నోడ్’ ఒకే ఆదేశం పేరుకు పోటీపడ్డాయి. 2012లో సంఘం తీర్పుతో జావాస్క్రిప్టుది ‘నోడ్‌జెఎస్’ అయింది, పాత పేరే కావాలనుకునేవారికి విడిగా ఇంకో ప్యాకేజీ ఏర్పడింది. ఆ తీర్పుతో పేరు కోసం పోట్లాడినవారిలో ఎవరికీ అది అప్పట్లో నేరుగా దక్కలేదు.

మెయింటెయినర్ బొత్తిగా కనబడకపోతే ‘ఉద్ధరణ’ ఉంది. ఇది 2018 నాటి ఏర్పాటు. ప్యాకేజీ చేపట్టదలచినవారు ఆ మాట బగ్‌గా నమోదు చేసి 21 రోజులు ఆగాలి. ఆపైన అప్‌లోడ్ చేసినా మరో 7 రోజులు వాయిదాలోనే. ఈ గడువులో ఎప్పుడైనా మెయింటెయినర్ ‘వద్దు’ అని రాస్తే ఉద్ధరణ అక్కడితో ఆగిపోతుంది.