తొలి మిడి కీబోర్డు: సాధన లేకుండా సంగీతకారులు కండి

కాలేజీలో వదిలేసిన సంగీతం మళ్లీ గుర్తొచ్చిందా? శుభం. సంగీతం చేయడం వేరు, చేస్తున్నారని నలుగురికీ తెలియడం వేరు. రెండోది చాలు. కిందివి వరసగా పాటించండి.

1. ముందు ఆరు నెలలు రివ్యూలు చూడండి. 25 మెట్లదా, 49దా, 61దా అని తేల్చుకోకండి. ఎవరైనా ట్యూన్ ఏమైందని అడిగితే "ఇంకా గేర్ చూస్తున్నా" అనండి. ఈ మాటకు ఎదురులేదు.

2. చివరికి 88 మెట్లదే కొనండి. అది టేబుల్ మీద పట్టదు, మంచం మీద పెట్టాలి. పడుకునేముందు మళ్లీ దించాలి. రోజూ ఎత్తి దించే ఓపిక ఎవరికుంటుంది? సాధన బెడద వారంలో వదులుతుంది. ఇంట్లో మాత్రం ధరలో సగమే చెప్పండి. మిగతాది ఈఎంఐలో కలిసిపోతుంది.

3. మిడి కీబోర్డుకు సొంత గొంతు లేదు. ఏ మెట్టు నొక్కారో, ఎంత జోరుగా నొక్కారో 0 నుంచి 127 దాకా అంకెల్లో కంప్యూటర్‌కు చెబుతుంది, అంతే. మీకు కావలసిందీ ఇదే. కేబుల్ పెట్టకుండా, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కళ్లు మూసుకుని వేళ్లు ఆడించండి. పిన్నిగారు ఏమీ వినబడటం లేదంటే "రికార్డింగ్ నడుస్తోంది పిన్నీ" అని నెమ్మదిగా చెప్పండి.

4. కంప్యూటర్‌లో ఆడియో బఫర్ సైజు 1024 దగ్గర ఉంచండి. స్వరం వేలికన్నా కాస్త వెనకబడుతుంది. తాళం తప్పినప్పుడల్లా "లేటెన్సీ" అనండి. 128కి తగ్గించమనే తెలివైనవాళ్లను మళ్లీ ఇంటికి పిలవకండి.

5. నల్ల మెట్లే వాయించండి. నాలుగున్నర శ్రుతిని, అంటే ఎఫ్ షార్ప్‌ను, షడ్జమం అనుకుంటే ఆ ఐదూ మోహన స్వరాలే. ఎలా కొట్టినా అపస్వరం పడదు. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడించే మాస్టారి వీధిలోకి కూడా వెళ్లకండి. ఆయన ఏళ్ల తరబడి దిద్దే లయను క్వాంటైజ్ బటన్ ఒక్క నొక్కుతో సరిచేస్తుంది. గమకం కావాలంటే పిచ్ బెండ్ చక్రాన్ని అటూ ఇటూ ఊపండి. రాగం తెలిసినవాళ్లు మొహం చిట్లిస్తే "ఫ్యూజన్" అనండి. వేరే రాగం అడిగినా అదే జవాబు.

6. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ సంగీత వాద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600, రోలాండ్ జూపిటర్-6 అనే రెండు సింథసైజర్లను మిడి తీగతో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. ఒకరు శ్రమపడితే మరొకరు పలకడమే మిడి పుట్టుకలోని సూత్రమన్నమాట. అందుచేత ఎవరో కట్టిన మిడి ఫైలు తెచ్చుకుని, పియానో తీసి వేణువు పెట్టి, మీ పేరు రాసుకోండి.

7. పాట మాత్రం పూర్తిచేయకండి. పూర్తయిన పాటను జనం బాగుందనో బాగాలేదనో అంటారు. ఎనిమిది బార్ల ముక్కను ఎవరూ ఏమీ అనలేరు.

8. ఏడాది తిరగ్గానే "కొత్తదే, ఎక్కువ వాడలేదు" అని రాసి అమ్మకానికి పెట్టండి. ఆ ప్రకటనలో ఒక్క అబద్ధమూ ఉండదు. వచ్చిన డబ్బుకు కాస్త కలిపి గిటారు కొనుక్కోండి. అప్పుడు మొదటి సలహా నుంచి మళ్లీ చదవండి.