శత్రువు సంతకం పట్రండి

‘నిబంధనల ప్రకారం గడువు తీరినందున మీ సర్వీసు పత్రములు ధ్వంసం చేయబడినవి. కావున సదరు ఆపరేషన్‌లో తాము పాల్గొన్నట్టు తగిన ఆధారములు తామే సమర్పించవలెను.’

ఈ వారం ఫోన్ల మీద ఊరేగిన ఆ జవాబు మీరూ చదివే ఉంటారు. భారత శాంతి దళంతో శ్రీలంక వెళ్లొచ్చిన ఒక మాజీ నాయక్ గారు అడిగినవి రెండే. డిశ్చార్జి బుక్కులో జాఫ్నా ఆపరేషన్ ఎక్కలేదు, ఎక్కించండి. రావలసిన విదేశ్ సేవా మెడల్ రాయలేదు, రాయండి. దానికి రికార్డు ఆఫీసువారు సెలవిచ్చింది పై రెండు వాక్యాలు. కాగితాలు మేం నాశనం చేశాం, కనక కాగితాలు మీరు తెండి!

అందరూ ఈ జవాబును తిట్టిపోస్తున్నారు. నేను మాత్రం లేచి నిలబడి సెల్యూట్ కొట్టాను. ఇందులో ఎంత లోతైన ఆలోచన ఉందో చూడండి. ఒక మనిషి యుద్ధంలో ఉన్నాడని ఎవరు చెప్పాలి? ప్రభుత్వం చెప్పలేదు, దాని దగ్గర కాగితం లేదు. పక్క ట్రెంచిలో ఉన్న జవాను చెబితే చెల్లదు, అతని కాగితమూ అదే గదిలో అదే రోజున పోయింది. కంపెనీ కమాండర్ గారు కాలం చేశారు. ఇక మిగిలింది ఒక్కడే. ఆ రోజు, ఆ గంటకు, ఈయన సరిగ్గా ఏ చెట్టు వెనక ఉన్నాడో గురిపెట్టి మరీ చూసినవాడు. శత్రువు.

అందుకే రక్షణ శాఖకు నాదొక మనవి. తక్షణమే ‘శత్రు ధ్రువీకరణ పత్రం’ ప్రవేశపెట్టండి.

నమూనా నేనే తయారుచేశాను. ‘దిగువ సంతకం చేసిన నేను, ఫలానా సైన్యం/ ముఠా (వర్తించనిది కొట్టివేయవలెను) సభ్యుడనై యుండి, ఫలానా తేదీ తెల్లవారుజామున ఫలానా వారిపై కాల్పులు జరిపితిననియు, నా గురి తప్పినందువలననే వారు నేడు అర్జీదారుగా యున్నారనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’ కింద సంతకం, సీలు. సాక్షులు ఇద్దరు. వారిలో ఒకరు గెజిటెడ్ హోదాకు తగ్గని శత్రువై ఉండాలి. మందుపాతర కేసుల్లో దాన్ని పాతినవారి చిరునామా రుజువు జతచేయాలి. మొత్తం మూడు ప్రతులు. జెరాక్సులు చెల్లవు.

ఇది అమల్లోకి వస్తే యుద్ధం చేసే పద్ధతి కూడా కాస్త మారుతుంది. ఇకమీదట పెట్రోలింగుకు వెళ్లే ప్రతి సెక్షన్ వెంట ఒక స్టాంపు ప్యాడు ఉంటుంది. ఎదురుకాల్పులు మొదలవగానే మనవాడు చెయ్యెత్తి, ‘అయ్యా, కాల్చేముందు ఇక్కడొక సంతకం’ అని వినయంగా అడగాలి. ఎదుటివాడికి చదువు రాకపోతే వేలిముద్ర. వేలు లేకపోతే, అది మన కాల్పుల్లోనే పోయిందని ఆ దేశపు డాక్టరుగారి సర్టిఫికెట్. పెన్నులో సిరా అయిపోతే అంతవరకూ కాల్పుల విరమణ.

మన పెద్దలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఉత్తర గోగ్రహణంలో యుద్ధం చేసింది బృహన్నల. విరాటుడి కొలువులో రికార్డయింది ఉత్తరకుమారుడి పేరు మీద. ఆ రికార్డు తప్పని నోరు విప్పిన పాపానికి కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజంతటివాడికి పాచిక దెబ్బకు ముక్కు వెంట నెత్తురు కారింది. ఆఫీసుకెళ్లి ‘అయ్యా, రికార్డు తప్పండీ’ అంటే ఏమవుతుందో ఆనాడే తేలిపోయింది. అయితే బృహన్నల ముందుచూపున్న మనిషి. మూర్ఛపోయిన కౌరవ వీరుల ఉత్తరీయాలు పట్టుకు రమ్మని ఉత్తరుణ్ణి పంపించాడు. రాకుమారికి బొమ్మపొత్తికల కోసమని అందరూ అనుకుంటారు. నా అనుమానం, అవి సర్వీసు రికార్డులో జతచేయడానికే.

మనకా ముందుచూపు లేకపోయింది. 1971 డిసెంబర్ 16న ఢాకా రేస్‌కోర్సు మైదానంలో పాకిస్తాన్ లొంగిపోయింది. సుమారు 93 వేల మంది మన చేతికి చిక్కారు. తలా ఒక ఫారాల కట్ట ఇచ్చి కూర్చోబెడితే తూర్పు రంగంలో పోరాడిన మనవాళ్లందరికీ సరిపడా పత్రాలు వచ్చేవి. మనవాళ్లు జనరల్ నియాజీ ఒక్కడి సంతకంతో సరిపెట్టుకున్నారు. ఆ యుద్ధం తాలూకు తూర్పు కమాండ్ పత్రాలు ఏనాడో ధ్వంసమైపోయాయని 2010లో పత్రికలు రాశాయి. అదృష్టం బాగుండి నియాజీ సంతకం మిగిలింది. అదీ లేకపోతే మనం బంగ్లాదేశ్‌కు విహారయాత్రకు వెళ్లామనుకునేవారు.

అయితే ఈ పథకంలో ఆచరణ సమస్యలు కొన్ని ఉన్నాయని ఒప్పుకోవాలి. పాకిస్తాన్ సంగతే చూడండి. 1999లో కార్గిల్ కొండలెక్కింది తన సైనికులే కాదని, ఎవరో ముజాహిదీన్లని బుకాయించింది. సొంత సైనికుణ్ణే ‘వీడెవడో మాకు తెలియదు’ అన్న దేశం మన సైనికుణ్ణి గుర్తుపట్టి సంతకం పెడుతుందా? చైనా ఇంకో రకం. 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది అమరులయ్యారు. తమవైపు నలుగురు పోయారని చైనా ఒప్పుకోవడానికే 8 నెలలు పట్టింది. అయినా మన ఆఫీసుల్లో ఫైలు నడకతో పోలిస్తే అది పరుగే.

సియాచిన్‌లో ఇంకో చిక్కు. 1984 ఏప్రిల్‌లో మనవాళ్లు అక్కడ కాలుపెట్టినప్పటి నుంచీ తూటాల కన్నా మంచే ఎక్కువ మందిని పొట్టన పెట్టుకుంది. హిమానీనదం చేత అటెస్టేషన్ చేయించడానికి ఏ కౌంటర్‌కు వెళ్లాలో ఉత్తర్వుల్లో స్పష్టం చేయాలి.

ఇక మన నాయక్ గారి కేసు. ఆయన శత్రువు తమిళ పులుల సంస్థ ఎల్టీటీఈ. 2009 మే నెలలో నాయకుడు ప్రభాకరన్‌తో పాటు ఆ సంస్థే తుడిచిపెట్టుకుపోయింది. పోనీ, అప్పటి లంక అధ్యక్షుడు ప్రేమదాస గారిని అడుగుదామా అంటే, మన సైన్యాన్ని వెళ్లగొట్టడానికి ఎల్టీటీఈకి ఆయుధాలిచ్చింది ఆయన ప్రభుత్వమే. ఆ తుపాకుల స్టాకు రిజిస్టరు దొరికితే ఏ తూటా ఎవరి మీద ఖర్చయిందో తేలేది. కానీ 1993 మే డే నాడు ఆయన్నీ అదే సంస్థ బాంబుతో చంపేసింది.

ఇక మిగిలిన సాక్షి నాయక్ గారి కుడి మోకాలు. నేను కలిసినప్పుడు ఎక్స్‌రే ఫిల్ము కిటికీకేసి పట్టి చూపించారు. చిప్ప పక్కన జొన్నగింజంత తెల్లటి చుక్క. మందుపాతర పేలినప్పుడు దిగిన రేకు ముక్క. దాని మీద బ్యాచ్ నంబరు లేదు, తయారీ తేదీ లేదు, ‘జాఫ్నాలో తయారైనది’ అని ముద్ర లేదు. అందుకే ఆధారంగా పనికిరాదు.

డిశ్చార్జి బుక్కు కూడా చూశాను. అట్ట ఊడితే ట్వైన్ దారంతో కుట్టుకున్నారు. చేరిన తేదీ ఉంది, ఎత్తు ఉంది, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంది. పతకాల గడిలో మాత్రం నీలం సిరాతో ఒక అడ్డగీత. అంతే. ‘‘గీత కొట్టినాయన మంచోడే బాబూ’’ అన్నారు నాయక్ గారు. ‘‘వెనకాల ఇంకా బోలెడు మంది లైన్లో ఉన్నారు. బండికి టైమైపోతోంది. ఇంటికెళ్లే తొందర్లో నేనూ చూసుకోలేదు.’’

శత్రువు రాసిచ్చే కాగితం అంటే వేళాకోళం అనుకుంటున్నారేమో. అది ఒకసారి నిజంగానే జరిగింది. 1999లో టైగర్ హిల్ దగ్గర పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్‌ఖాన్ చివరిదాకా పోరాడి చనిపోయాడు. ఆ తెగువను చూసిన మన బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా, శవాన్ని అప్పగించేటప్పుడు, ఇతను వీరోచితంగా పోరాడాడు, తగిన గౌరవం దక్కాలి అని చీటీ రాసి అతని జేబులో పెట్టించారు. పాకిస్తాన్ అతనికి తన అత్యున్నత సైనిక పురస్కారం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది.

పగవాడి ధైర్యానికి చీటీ రాసిచ్చిన సైన్యం మనది. మన మనిషికి రాసివ్వడానికి మన ఆఫీసు దగ్గర కాగితం లేదు.

ఇక హాస్యాలు చాలు. ఈ జవాబు ఒక గుమస్తా కోపంలో రాసింది కాదు. దీనికో నియమం ఉంది. సైనిక నిబంధనల 595వ పేరా ప్రకారం పింఛను వచ్చేవారి సర్వీసు పత్రాలు 50 ఏళ్లు, పింఛను లేనివారివి 25 ఏళ్లు ఉంచుతారు. తర్వాత నాశనం చేస్తారు. జవానుకు పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఇంటి దగ్గర కష్టమొచ్చి అంతకు ముందే వచ్చేసినవాడికి పింఛనూ లేదు, 25 ఏళ్ల తర్వాత చరిత్రా లేదు. శాశ్వతంగా మిగిలేది లాంగ్ రోల్ ఒక్కటే. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు, ఎందుకు వెళ్లిపోయాడు అన్న ముక్తసరి వివరాలు అందులో దొరుకుతాయి. ఆ రెండు తేదీల నడుమ గడిచిన యుద్ధానికి మాత్రం సాక్ష్యం నువ్వే తెచ్చుకో అంటారు.

అమెరికాలో 1973 జులైలో సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రం తగలబడి కోటీ అరవై లక్షలకు పైగా సైనికుల ఫైళ్లు బూడిదయ్యాయి. అక్కడివాళ్లు ‘మీరే తెచ్చుకోండి’ అని చేతులు దులుపుకోలేదు. జీతాల వోచర్లు, ఆసుపత్రి జాబితాలు, యూనిట్ల రోజువారీ నివేదికలు ఏరి సర్వీసు వివరాలను మళ్లీ కూర్చుతున్నారు. సగం కాలిన పేజీలను ల్యాబులో బాగుచేస్తున్నారు. సర్వీసు రికార్డుల్లో తప్పులు దిద్దడానికే అక్కడ ప్రత్యేక బోర్డులున్నాయి. అక్కడ కాల్చింది ప్రమాదం. ఇక్కడ కాల్చేది కార్యాలయం. ప్రమాదం చేసిన నష్టాన్ని వాళ్లు పూడ్చుకుంటుంటే, చేతులారా చేసిన నష్టాన్ని మనం మోకాట్లో రేకు ముక్క ఉన్నవాడి నెత్తిన రుద్దుతున్నాం.

రుజువు భారం ఎవరిదో తెలియక కాదు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో, వైకల్య పింఛను విషయంలో, సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. చేరేనాడు జబ్బుందని రాయకపోతే జవాను ఆరోగ్యంగా చేరినట్టే, కాదని నిరూపించాల్సింది జవాను కాదు, సర్కారు అని. వైకల్యానికి వర్తించే న్యాయం పతకానికి ఎందుకు వర్తించదు? అది తేల్చుకోవాలంటే మన రెండు రాష్ట్రాల మాజీ సైనికులు సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచి గడప తొక్కాలి. 1990 మార్చిలో లంక నుంచి ఆఖరి దళాలు ఓడ దిగింది ఆ ఊళ్లోనే. స్వాగతం చెప్పడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి రానన్నారు. ఆనాడు దండ వేయలేదు, ఈనాడు కాగితం ఇవ్వడం లేదు.

ఆ యుద్ధంలో మనవాళ్లు వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్ల పేర్లు కొలంబో పక్కన కోట్టెలో రాతి మీద చెక్కి ఉన్నాయి. చచ్చినవాడి పేరు పరాయి దేశంలో రాతి మీద ఉంది. బతికొచ్చినవాడి పేరు సొంత దేశంలో కాగితం మీద లేదు. ఇది సిగ్గుచేటు. దీనికి ఇంతకన్నా మర్యాదైన మాట నాకు దొరకలేదు.

చేయాల్సింది బ్రహ్మవిద్య కాదు. 25 ఏళ్లు నిండి ఫైలు నాశనం చేసేముందు దాని ధ్రువీకరించిన ప్రతిని ఆ మనిషికో, అతని భార్యకో, పిల్లలకో రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఇప్పటికే నాశనం చేసిన చోట యూనిట్ యుద్ధ డైరీలు తెరిచి, ఆ యూనిట్ ఆ నెలల్లో ఎక్కడుందో చూడండి. ఆ డైరీల లాంటి పాత రికార్డులను 25 ఏళ్లకు బయటపెట్టాలని 2021 జూన్‌లో విధానం ప్రకటించింది రక్షణ శాఖే. అప్పటికీ సందేహముంటే ఆ సందేహం జవానుకు అనుకూలంగా తేల్చండి.

అదయ్యేలోగా చదువరులకు ఒక మాట. మీ ఇంట్లో మిలటరీ నుంచి వచ్చినవాళ్లుంటే ఈ ఆదివారమే డిశ్చార్జి బుక్కు పెట్టెలోంచి తీయించండి. పతకాల గడి, ఆపరేషన్ల గడి చూడండి. ఎక్కడైనా అడ్డగీత కనిపిస్తే, వచ్చేసి 25 ఏళ్లు నిండలేదంటే, మర్నాడే రికార్డు ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి సర్వీసు పత్రాల నకళ్లు తెప్పించుకోండి. గడువు దాటాక మీకు వచ్చేది ఈ వారం వచ్చిన జవాబే.