పీటముడి వేసే సలహాలు

ప్రొద్దుటూరులో రైలెక్కి జమ్మలమడుగు వెళ్లినవాళ్లకు తెలుసు, అది సింగిల్ లైను. ఎర్రగుంట్ల నుంచి నంద్యాల దాకా 123 కిలోమీటర్ల ఆ దారి 2016లో పూర్తయింది. రెండు స్టేషన్ల మధ్య ఒక బండి నడుస్తుంటే ఎదురుగా ఇంకో బండిని వదలరు. వచ్చే బండి పోయేదాకా ఇది స్టేషన్లో పక్క లైను మీద ఆగాలి. ముందూ వెనకా చూడకుండా రెండు వైపుల నుంచీ బండ్లు వదిలి, ఆ పక్క లైన్లన్నీ నింపేశారనుకోండి. ఏ బండీ తానున్న చోటు వదలలేదు, ఏ బండికీ ముందు చోటు ఖాళీ కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్లో డెడ్‌లాక్ అంటే అచ్చం ఇదే. దీనికి సరిపోయే మాట మనకు ఎప్పటినుంచో ఉంది: పీటముడి.

పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలోనో, ప్రొద్దుటూరు యోగివేమన యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలోనో చదివే పిల్లలు డెడ్‌లాక్ పుట్టడానికి కావలసిన, 1971 నాటి కాఫ్‌మన్ నాలుగు షరతులు పరీక్ష కోసం నేర్చుకుంటారు. పనిలో దిగాక చెవిన పడే సలహాలు వేరు. మంచి మనసుతోనే చెబుతారు. అయినా వినకండి.

“ఏ లాక్ ముందు తీసుకుంటే ఏముంది, పనయ్యాక రెండూ వదిలేస్తే సరి.” అన్నిటికన్నా ప్రమాదమైన సలహా ఇదే. ఒకరు ‘గండికోట’ అనే డైరెక్టరీలోని ఫైలును ‘మైలవరం’లోకి మారుస్తున్నారు. అదే క్షణంలో ఇంకొకరు మైలవరం నుంచి గండికోటకు మారుస్తున్నారు. ఇద్దరికీ రెండు డైరెక్టరీల లాకులూ కావాలి. ఒకరు గండికోట పట్టుకుని మైలవరం కోసం, రెండోవారు మైలవరం పట్టుకుని గండికోట కోసం కూర్చుంటే కథ అక్కడే ఆగిపోతుంది. వదిలేసే ఘడియ వస్తేగా వదలడానికి!

లైనక్స్ ఈ ముడిని ఎలా తప్పించిందో చూడండి. వేర్వేరు డైరెక్టరీల మధ్య ఫైలు మార్చాలంటే ముందు ఆ ఫైల్‌సిస్టమ్ మొత్తానికీ ఉన్న ఒకే ఒక మ్యూటెక్స్ (ఒక రకం లాక్) తీసుకోవాలి. ఆ తర్వాత, ఒక డైరెక్టరీ ఇంకోదాని లోపల ఉంటే పైదాని లాక్ ముందు, లోపలిదాని లాక్ తర్వాత. ఆ మ్యూటెక్స్ ఎందుకంటే, డైరెక్టరీనే ఇంకోచోటికి మారిస్తే ఏది పైది, ఏది లోపలిది అన్న లెక్కే మారిపోతుంది. లెక్క మారకుండా పట్టుకున్నాకే వరస పెట్టగలం. కాఫ్‌మన్ చెప్పిన నాలుగో షరతు, ఒకరి కోసం ఒకరు చక్రంలా ఎదురుచూడటం, వరస పెట్టిన చోట పుట్టదు.

“అన్నిటికీ ఒకే పెద్ద లాక్ పెట్టు” అనే సలహాలో కొంత నిజం ఉంది. లాక్ ఒక్కటే అయితే చక్రం తిరగదు. కానీ ప్రాసెసర్లు ఎన్ని ఉన్నా అందరూ ఆ ఒక్క తలుపు ముందే నిలబడాలి. 1996లో లైనక్స్ 2.0లో బిగ్ కెర్నల్ లాక్ వచ్చింది. దాన్ని పట్టుకున్న పని మధ్యలో నిద్రపోతే, లాక్ తనంతట తానే వదిలిపోయేది. దాంతో ఏ కోడు దేన్ని నమ్ముకుని ఉందో తేల్చడం కష్టమైంది. పూర్తిగా తీసేసరికి 2011, 2.6.39 వచ్చింది. పదిహేనేళ్లు!

“దొరక్కపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించు” అంటారు. చేతిలోది వదలకుండా ప్రయత్నిస్తే పీటముడి అలాగే ఉంటుంది. ఇద్దరూ వదిలి ఇద్దరూ ఒకేసారి మళ్లీ పట్టుకుంటుంటే ప్రాసెసర్ సమయం ఖర్చవుతుంది గానీ పని జరగదు. ట్రైలాక్, అంటే ఆగకుండా లాక్ అడిగి చూడటం, విఫలమైతే ఉన్నవన్నీ వదలండి, వరస ప్రకారం మొదటినుంచి తీసుకోండి.

“ప్రాసెసర్ ఒక్కటే, భయం లేదు” అనేది ఇంకొకటి. స్పిన్‌లాక్ పట్టుకుని ఉండగా అదే ప్రాసెసర్ మీద ఇంటరప్ట్ వచ్చి, దాని హ్యాండ్లరు అదే లాక్ అడిగితే? హ్యాండ్లరు ముగిస్తే గానీ లాక్ వదిలే కోడు నడవదు, లాక్ వదిలితే గానీ హ్యాండ్లరు ముగియదు. హ్యాండ్లరు కూడా వాడే లాకును ఇంటరప్టులు ఆపే తీసుకోవాలి.

“రాత్రంతా నడిపాను, ఆగలేదు” అన్న మాట నన్ను చాలా బాధపెడుతుంది. ఆగలేదంటే ఆ రాత్రి ఎదురు బండి రాలేదని మాత్రమే అర్థం. 2006లో 2.6.18తో వచ్చిన ఇంగో మోల్నార్ తనిఖీ సాధనం లాక్‌డెప్ ఇలా అదృష్టం మీద ఆధారపడదు. ఏ రకం లాక్ తర్వాత ఏ రకం తీసుకున్నారో గుర్తుపెట్టుకుంటుంది. ఎప్పుడో ఒకసారి ఇటు, ఇంకెప్పుడో అటు తీసుకుంటే చాలు, అసలు ఆగకపోయినా హెచ్చరిస్తుంది. మొదటి హెచ్చరిక తర్వాత అది తన తనిఖీని ఆపేస్తుంది. కాబట్టి దాన్ని సరిచేసి మళ్లీ నడపండి.

లైనక్స్ మెమరీ కోడులో ఫైల్‌మ్యాప్ అనే ఫైలు ఉంది. ఏ లాక్ తర్వాత ఏది తీసుకోవాలో దాని మొదట్లోనే కామెంటుగా రాసి పెట్టారు. మీ ప్రాజెక్టులో రెండో లాక్ చేర్చే ముందు అలాంటి నాలుగు వరుసలు మీరూ రాయండి.