ఫోము పద్యం – టీకా తాత్పర్యం

అవతారిక. మా మనవడికి తొమ్మిదేళ్లు. వాడి డర్ట్ బైకు 49 సీసీ టూస్ట్రోకు. తాడు గుంజితే లేస్తుంది. ఫిల్మ్‌నగర్‌లో మా సందు చివర ఇంకా సెల్లారు తవ్వని ప్లాటు ఒక్కటే మిగిలింది. వాడి సామ్రాజ్యం అదే. రోడ్డెక్కనివ్వను. పిల్లల చేతికి బండి ఇచ్చిన పెద్దలకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. ఈ వయసులో నాకు చంచల్‌గూడ వద్దు.

వేసవిలో ఆ బండికి ఆయాసం పట్టుకుంది. ఆక్సిలేటరు సగం దాటితే గుడగుడ, వెనక నల్లపొగ. కృష్ణానగర్‌లో మెకానిక్ దగ్గరికి తోలుకెళ్లాను. ఆయన పక్కమూత విప్పి, నల్లటి స్పాంజి ముక్క ఒకటి నా అరచేతిలో పెట్టి, ఏం చేయాలో నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఇతరుల పాటలకు పల్లవులు సవరించి బతికినవాణ్ణి. ఇల్లు చేరేలోపు ఆ నాలుగు ముక్కలూ ఆటవెలదిలో కుదురుకున్నాయి.

ఫోము విప్పి తీసి పూర్తిగా కిరసనా
యిలున పిసుకు గాని యెన్నడైన
పిండవద్దు, నీడ బెట్టి యారఁగనిచ్చి
నూనె పట్టఁబెట్టి నోరు మూయు.

వ్యాఖ్యాతలకు పెద్దదిక్కయిన కొలచల మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారమే. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసు కావ్యాలకు సంజీవని రాశాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకుంటున్నాను.

టీక. ఫోము = ఇంజను పీల్చే గాలిని వడగట్టే స్పాంజి. ఇంగ్లీషు ఫకారానికి తెలుగు పకారంతో యతి ఏమిటని పండితులు అడగవచ్చు. ఊరంతా ఫిలింను పిలిం అంటుంటే లేని అభ్యంతరం నా పద్యానికే ఎందుకో. విప్పి = మూత స్క్రూలు విప్పి. తీసి = మెల్లగా బయటికి లాగి. ఇక్కడ కవి చెప్పకుండా వదిలిన మాట ఒకటి ఉంది: తీసిన వెంటనే కార్బురేటరు వైపు రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. లేకపోతే ఫోము కూర్చునే పెట్టెలో, అంటే ఎయిర్‌బాక్సులో, రాలిన మట్టి నేరుగా లోపలికి పోతుంది.

కిరసనాయిలున = కిరోసిన్‌లో. ఈ మాట రెండు పాదాల మధ్య విరిగిందని నొచ్చుకోకండి. సీసాలోంచి గిన్నెలోకి ఒలుకుతున్నట్టు చదువుకోండి. మెకానిక్ నోట వచ్చిన అసలు పాఠం ‘గాసునూనె’. గణాల కోసం నేనే మార్చాను, తెలంగాణ వారు మన్నించాలి. కొందరు ‘పెట్రోలున’ అని చదువుతారు. అది అపపాఠం. పెట్రోలు ఫోము అతుకుల్లోని జిగురును కరిగిస్తుంది, నిప్పు తగిలితే చదివినవాణ్ణీ దహిస్తుంది. కిరోసిన్ తరవాత సబ్బునీళ్లలో మరోసారి కడగడం అధ్యాహారం, అంటే పద్యంలో పట్టనిది మనం కలుపుకోవలసింది.

పిసుకు, పిండవద్దు. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. పిసకడం పిండితో చేసే పని: అరచేతుల మధ్య నొక్కడం, వదలడం. పిండడం తడిబట్టతో చేసే పని: రెండు కొసలూ పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టడం. నొక్కితే ఫోము మళ్లీ లేస్తుంది. మెలిపెడితే లోపలి సన్నని గూళ్లు చిరుగుతాయి, అతుకు విచ్చుతుంది. ఆ చిరుగు కంటికి ఆనదు. దుమ్ముకు మాత్రం సింహద్వారం. ఒకే చెయ్యి, ఒకే స్పాంజి, ఒక్క మెలి తేడా. మా ఇంట్లో మొదటి ఫోము నా చేతిలోనే పోయింది. చొక్కా పిండినట్టు పిండి దండెం మీద వేశాను, అదీ ఎండలో.

దుమ్ము గురించి కొంత చెప్పాలి. మా ఫిల్మ్‌నగర్‌తో సహా జూబిలీహిల్స్ నిలబడ్డది గ్రానైటు కొండల మీద, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. సెల్లార్ల కోసం దాన్ని పగలగొట్టినప్పుడు లేచే పొడిలో పలుగురాయి రేణువులుంటాయి. గాజు మీదే గీత పెట్టగల గట్టిదనం వాటిది. వాటి ముందు అల్యూమినియం పిస్టను ఎంత? పైగా టూస్ట్రోకులో గాలి ముందు క్రాంకు గదిలోకి వెళ్లి, అక్కడి నుంచి సిలిండరెక్కుతుంది. కాబట్టి దుమ్ము మొదట బేరింగుల్ని పలకరించి, ఆ తరవాత పిస్టను దగ్గరికి పోతుంది. ఈ పేటలో దుమ్ము లేపడం బిరుదు. సినిమా బాక్సాఫీసు దగ్గర దుమ్ము దులిపిందంటే స్వీట్లు పంచుతారు. ఎయిర్‌బాక్సు దగ్గర ఆ పనే జరిగితే సిలిండరు బోరు కొట్టించుకోవాలి.

నీడబెట్టి = ఎండ తగలకుండా, గాలాడేచోట. నూనె = ఫోముకు వేసే జిగట ఫిల్టరు నూనె; వంటనూనె కాదు. పట్టఁబెట్టి = ఒక్క చోటా పొడి మిగలకుండా ఇంకించి, ఎక్కువైంది మళ్లీ పిసికి తీసేసి. దుమ్మును పట్టేది ఫోము రంధ్రాలకన్నా ఈ జిగటే. నూనె తక్కువైతే దుమ్ము దూరుతుంది; కారేంత పోస్తే గాలి ఆడక మళ్లీ నల్లపొగ.

తాత్పర్యం. మీరు చదివారు కదా.

విశేషం. ఎన్నిసార్లు కడిగినా ఫోము చిరంజీవి కాదు. వెలుతురుకు ఎత్తి చూస్తే చిరుగు కనిపించినా, నలిపితే పొడిపొడిగా రాలినా కొత్తది వేయాల్సిందే. నా స్కూటరులో ఉన్నది కాగితపు ఫిల్టరు. దానికి ఈ పద్యం వర్తించదు. కడిగితే చెడుతుంది, మార్చాలి.

ఇక ‘నోరు మూయు’. శ్లేష. మొదటి అర్థం: ఫోమును అంచుల్లో సందు లేకుండా కూర్చోబెట్టి, ఎయిర్‌బాక్సు మూత బిగించు. రెండో అర్థం వక్త ఉద్దేశించాడా లేదా అన్నది వ్యాఖ్యాతల మధ్య వివాదం. వక్త ఆ మాట అన్న సమయంలో నేను దుమ్ము శబ్దానికీ ధూళికీ భేదం వివరిస్తున్నాను. మనవడు బండి తిప్పిన ప్రతిసారీ కడగాలా, వారానికోసారి చాలా అన్న సందేహం కూడా మిగిలి ఉంది.

నివృత్తి కోసం మొన్న మళ్లీ వెళ్లాను. పద్యం వినిపించాను, రెండర్థాలూ విప్పి చెప్పాను, ఏది మూలకర్త అభిమతమని అడిగాను. ఆయన ఇంకో బండి కింద పడుకుని ఉన్నాడు. తల బయటికి పెట్టి, మా బండి వైపోసారి, నా వైపోసారి చూశాడు.

“ముందుగాల మూత వెట్టుండ్రి సార్,” అన్నాడు.