బొంతల పిన్నిగారు

ఆరేసిన బట్టల కేసి ఆశగా చూసేవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకడు దొంగ, రెండోవారు బొంతల పిన్నిగారు. దొంగ కొత్త చీర చూసుకుంటాడు. పిన్నిగారికి కొత్త చీరతో పని లేదు. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి, రంగు వెలిసి, కొంగు పీలికలై, రేపోమాపో మసిగుడ్డ చేద్దామని మీరు పక్కన పడేసిన వెంకటగిరి చీర ఉందే, అదీ ఆవిడకు కావలసింది. దొంగ మీదైతే పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చు. పిన్నిగారికి మాత్రం కాఫీ ఇచ్చి, చీర మడతపెట్టి, సంచిలో పెట్టి మరీ సాగనంపాలి.

పిన్నిగారు ఫలానా ఊరి మనిషని చెప్పలేం. ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒకరుంటారు. మీ అపార్ట్‌మెంటులో లేరంటే మీకింకా పరిచయం కాలేదన్నమాట, లేదా మీ ఇంట్లో అన్నీ పాలియెస్టర్ బట్టలేనన్నమాట. పిల్లల పెళ్లిళ్లు అయిపోయి, ఉద్యోగం ఉంటే అదీ అయిపోయి, ఇల్లు ఉన్నట్టుండి విశాలమైపోయిన వయసు ఆవిడది. మెడలో మంగళసూత్రంతో పాటు కొలతల టేపు వేలాడుతుంటుంది. జాకెట్టు భుజానికి ఎప్పుడూ రెండు గుండుసూదులు గుచ్చి ఉంటాయి. చనువుగా ఆవిడ భుజం మీద చెయ్యేసినవాళ్లు రెండోసారి వేయరు.

మనుషుల్ని ఆవిడ మొహం చూసి గుర్తుపెట్టుకోరు, గుడ్డ చూసి గుర్తుపెట్టుకుంటారు. కొత్త అల్లుడి చొక్కా చేతిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, "అబ్బాయి బుద్ధిమంతుడే, చొక్కాలోనే కల్తీ ఉంది" అని తీర్పు చెప్పగలరు. అనుమానం తీరకపోతే అగ్నిపరీక్ష ఉండనే ఉంది. గుడ్డలోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటిస్తారు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, పాలియెస్టరైతే కరిగి గట్టిగా ముద్దకడుతుంది. ఆ బంధువర్గంలో ఒక పోగు పోగొట్టుకోని కొంగు లేదు. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే మనిషి వీధిలో కేకేస్తే పిన్నిగారు ఒక్క ఉదుటున బాల్కనీలోకి వస్తారు. గిన్నెల కోసం కాదు, పోటీదారు ఏ ఫ్లాటులోకి వెళుతున్నాడో చూడడానికి.

ఆమాటకొస్తే బొంత కుట్టడం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. నాలుగైదు పాత నూలు చీరలు ఒకదాని మీద ఒకటి పరచడం, ఉన్నంతలో బాగున్న చీర పైన వేయడం, అంచులు లోపలికి మడిచి దబ్బనంతో ఈ చివర నుంచి ఆ చివరకు కుట్టుకుంటూ పోవడం, అంతే. పసిపిల్లల కింద వేయడానికి చిన్నవి, చలికి కప్పుకోవడానికి పెద్దవి. ఊరూరా తిరిగి బొంతలు కుట్టిపెట్టేవాళ్లూ ఉండేవారు. అరుగు మీద కూర్చుని కుట్టి, కూలి తీసుకుని వెళ్లేవారు. ఆ కుట్టుకు పేరు లేదు, కొలత లేదు, గురువు లేడు. చిరుగు కనపడకపోతే బొంత బాగా వచ్చినట్టే.

పిన్నిగారు మొదలుపెట్టిందీ ఇలాగే. మనవరాలి కోసం రెండు చీరలతో చిన్న బొంత కుట్టారు. అక్కడితో ఆగి ఉంటే నాకీ వ్యాసం రాసే పని తప్పేది. ఆ రాత్రి ఫోనులో అమెరికాలో ఎవరో బొంత కుడుతున్న వీడియో కనపడింది. దాని కింద ఇంకొకటి. తెల్లారేసరికి పిన్నిగారి నోట్లోంచి 'బొంత' పోయి 'క్విల్ట్' వచ్చింది. "మూడు పొరలుండాలండీ. పైన అతుకుల పొర, మధ్యన దూది పొర, కింద అస్తరు. అవి లేకపోతే అది క్విల్టే కాదు" అని పొయ్యి దగ్గర నిలబడి బాబాయిగారికి బోధించారు. బాబాయిగారు శ్రద్ధగా విని, "పాలు పొంగుతున్నాయి" అన్నారు.

మొదటి ప్రయోగం తొమ్మిది గళ్ల నమూనా. వరసకు మూడు చదరాలు, మూడు వరసలు. ఇందులో కష్టమేముందని మీకనిపిస్తుంది. పావంగుళం అనే భూతం కాపురం ఉండేది ఇక్కడే. ప్రతి అతుకులోనూ ఇటు పావంగుళం, అటు పావంగుళం గుడ్డ కుట్టులోకి పోవాలి. అయిదంగుళాల చదరం కుట్టాక నాలుగున్నర తేలాలి. ఒక్కో అతుకు దగ్గర అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ పోయిందా, పన్నెండు ముక్కల వరసలో పదకొండు అతుకులు గనక చివరికొచ్చేసరికి అంగుళం పైచిలుకు మాయం. ఆ పోయిన అంగుళం కోసం వాళ్లింట్లో అర్ధరాత్రి దాకా లైటు వెలుగుతుంది. కూరలో ఉప్పెక్కువైతే "ఈ పూటకి సర్దుకోండి" అనే మనిషి, గళ్ల మూలలు కలవలేదని ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు.

తరవాత త్రికోణాలు. గుడ్డ పడుగు వెంట లాగితే సాగదు, పేక వెంట కొద్దిగా సాగుతుంది, ఐమూలగా కత్తిరిస్తే ఇక మన చేతిలో ఉండదు. త్రికోణం కత్తిరించాక ఏదో ఒక అంచు ఐమూలగా ఉండక తప్పదు. ఇస్త్రీ పెట్టెతో రుద్దితే ఇంకా సాగుతుంది, రుద్దకుండా పైనుంచి అద్దాలి. ఈ రహస్యం తెలిసిన నాటి నుంచి పిన్నిగారు బాబాయిగారి చొక్కాలు కూడా అద్దుతున్నారు. ముడతలు అలాగే ఉంటున్నాయి.

రంగు దిగే బట్టల సంగతి వేరే చెప్పాలి. ఎర్ర కలంకారీ ముక్కను తెల్లగుడ్డ పక్కన కుట్టే ముందు తడిపి, తెల్లని బట్టకు అద్ది చూడాలి. తెల్లని బట్టకోసం పిన్నిగారు ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. బాబాయిగారి బనీన్లలో ఇప్పుడు తెల్లవి లేవు. ఒకటి గులాబీ, ఒకటి నీలం, ఒకటి రెండూ. ఆయన డాక్టరు దగ్గర చొక్కా విప్పడానికి మొహమాటపడి బీపీ పరీక్ష వాయిదా వేసుకుంటున్నారు.

డాలస్‌లో ఉన్న కూతురు రోటరీ కట్టర్ పంపింది. చూడడానికి కజ్జికాయల అంచు కోసే చక్రంలా ఉంటుంది, పదును మాత్రం బ్లేడుది. 1979లో జపాన్‌లో ఓల్ఫా అనే కంపెనీ తెచ్చిన ఈ పరికరం క్విల్టు కుట్టేవాళ్ల రోజుల పనిని గంటల్లోకి దించిందని పిన్నిగారు వచ్చినవాళ్లందరికీ చెప్పారు. సెలవులకొచ్చిన మనవడు దాంతో పిజ్జా కోశాడు. ఆ పూట ఇంట్లో జరిగినదాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. కత్తెర విషయంలో చట్టం ఇంకా కఠినం. గుడ్డ కత్తిరించే కత్తెరతో కాగితం కత్తిరిస్తే పదును పోతుంది, ఆ మాట నిజమే. బాబాయిగారు ఆ కత్తెరతో పాల పాకెట్ కోసి, ఇంకా అదే ఇంట్లో ఉంటున్నారంటే అది ఆవిడ క్షమాగుణం.

చరిత్ర చదవడం మొదలుపెట్టాక ప్రమాదం పెరిగింది. అలబామాలో నది వంపులో జీస్ బెండ్ అని ఒక పల్లె. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనుల్లో చివికిపోయిన బట్టలతో కుట్టుకున్న బొంతలను 2002లో హ్యూస్టన్‌లోని మ్యూజియం గోడలకు వేలాడదీశారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటిని స్టాంపుల మీద వేసింది. అదే పల్లెలో 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ భర్త పోయాక, ఆయన పనిబట్టలన్నీ ముక్కలు చేసి, ఆయన గుర్తుగా ఒక బొంత కుట్టుకుంది. ఈ కథ చెబుతూ పిన్నిగారు కళ్లు తుడుచుకుని బాబాయిగారి బట్టల బీరువా కేసి చూశారు.

"నేనింకా బతికే ఉన్నానుగా" అన్నారు బాబాయిగారు.

"ఉంటే ఏమైందండీ? ఆ గళ్ల లుంగీ వాడకంలో లేదుగా."

ఉంది. ఆ క్షణాన ఆయన కట్టుకుని కూర్చున్నది అదే.

కొన్నాళ్లకు ఆవిడ దృష్టి దేశంలోకి మళ్లింది. ఉత్తర కన్నడ అడవి ప్రాంతాల్లో ఆఫ్రికా సంతతి సిద్దీ స్త్రీలు కవంది అనే బొంత కుడతారు. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, ముక్క మీద ముక్క వేసుకుంటూ మధ్యకు చేరుతారు. స్కేలుతో పని లేదు. నాలుగు మూలలా మడిచిన చిన్న ముక్కలు పెట్టి వాటిని 'ఫూల' అంటారు, అవి లేని బొంత వాళ్ల కంటికి బోసిగా కనపడుతుంది. ఇది చూసిన పూటే పిన్నిగారు పావంగుళాన్ని త్యజించారు. "కొలతలన్నీ మనసుకు సంకెళ్లండీ" అంటూ టేపు తీసి బాబాయిగారికిచ్చి, నడుము కొలుచుకోమన్నారు. తరవాత బెంగాల్ బొంత కాంథా వంతు వచ్చింది. పూర్వం అక్కడివాళ్లు పాత చీరల అంచుల్లోంచి లాగిన రంగు పోగులతోనే కుట్టేవారట. సంక్రాంతికి బాబాయిగారి పంచెకు అంచు ఉంది. ఉగాదికి లేదు.

ఇప్పుడు నడుస్తున్నది ఫ్రీ మోషన్ యుగం. మిషన్‌లో గుడ్డను వెనక్కి లాగే పళ్లను కిందికి దించేసి, గుడ్డను చేతులతోనే అటూ ఇటూ తిప్పుతూ బొమ్మ గీసినంత స్వేచ్ఛగా కుట్టడం. చేతి వేగం, మిషన్ వేగం కలిస్తే కుట్టు సమానంగా పడుతుంది. కలవకపోతే ఒకచోట తిల, ఇంకోచోట తాటికాయ. గుడ్డ జారకుండా చేతులకు తొడుగులుండాలని విని పిన్నిగారు అంట్లు తోమే రబ్బరు తొడుగులు వేసుకున్నారు. పనమ్మాయి వచ్చి చూసి, తన పని పోయిందేమోనని కంగారు పడింది. పక్కింటావిడ వచ్చి, "అయ్యో, దారం చిక్కుపడిందా పిన్నిగారూ?" అని జాలిపడింది. "అది గులకరాళ్ల డిజైను" అన్నారు పిన్నిగారు. ఆ ఇంటి నుంచి చీరలు రావడం ఆగిపోయింది.

కుట్టినవన్నీ ఎక్కడికి పోతాయి? మన ఇళ్లకే. పెళ్లికి క్విల్ట్, సీమంతానికి క్విల్ట్, గృహప్రవేశానికి క్విల్ట్. మనవళ్ల పాత జీన్సులన్నీ కలిపి కుట్టినదైతే పదహారో నంబరు సూదులు విరగ్గొట్టుకుని మరీ తయారైంది. దాన్ని తడిపితే వాషింగ్ మిషన్ తిరగనని మొరాయించింది. బెజవాడ ఎండల్లో దాన్ని కప్పుకునే ప్రశ్నే లేదు, డిసెంబరులో లంబసింగి వెళితే కప్పుకోవచ్చు. పుచ్చుకున్నవాళ్లు "అబ్బ, ఎంత బాగుందో" అని బీరువాలో దాస్తారు. పిన్నిగారు చెప్పాపెట్టకుండా తనిఖీకి వస్తారని తెలుసు గనక, కాలింగ్ బెల్ మోగగానే తీసి మంచం మీద పరుస్తారు. మడత గీతలు చూసి ఆవిడకు అన్నీ అర్థమవుతాయి. ఏమీ అనరు. ఇంకా మెత్తగా ఉంటుందని మరొకటి కుడతారు.

ఇదంతా దేనికి పిన్నిగారూ అంటే ఆవిడ దగ్గర ఒకటే జవాబు: "పాత చీరలు వృథా పోతున్నాయని. పొదుపు!" ఈ పొదుపు కోసం ఇంటికి వచ్చినవి: కట్టర్, దాని కింద వేసే చాప, గళ్లు గీసిన పెద్ద స్కేలు, రంగురంగుల దారాలు, కట్టలకొద్దీ దూది పొర, ఇంకో మిషన్. ఈమధ్య పాత చీరల రంగులు చాలక కొత్త గుడ్డలే కొంటున్నారు. బెజవాడలో ఉంటే వస్త్రలతకు, జంటనగరాల్లో ఉంటే జనరల్ బజార్‌కు వెళ్లి మీటర్లకు మీటర్లు తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి, ముక్కలు చేస్తారు. బాబాయిగారు చాలాసేపు ఆలోచించి, "కొత్త గుడ్డ కొని ముక్కలు చేసి, ఆ ముక్కలన్నీ కలిపి మళ్లీ గుడ్డ చేస్తున్నావు. అంతేనా?" అన్నారు. "అంతే" అన్నారు పిన్నిగారు, దారం కొరుకుతూ.

ఆయన ఇంకేం అడగలేదు. అడగకపోవడమే మంచిది. మగవాడు పేకాడితే కాలక్షేపం, రోజంతా క్రికెట్ చూస్తే అభిమానం. దాంతో ఇంటికి ఒరిగిందేమిటని ఎవరూ లెక్క అడగరు. ఆడవాళ్ల సరదా మాత్రం దేనికో ఒకదానికి పనికిరావాలి, కప్పుకోవడానికో, కట్టుకోవడానికో, తినడానికో. అందుకని పిన్నిగారు తన ఆటకు పొదుపు అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు లేకపోతే ఆవిడ రంగుల పక్కన రంగులు పేర్చుకుని, నచ్చకపోతే విప్పుకుని, మళ్లీ పేర్చుకునే మధ్యాహ్నాలు ఏ ఇంట్లోనూ దొరకవు. ఇన్నేళ్లూ అందరి చిరుగులూ కుట్టిన మనిషి ఇప్పుడు తన ఇష్టానికి కుట్టుకుంటున్నారు.

కాబట్టి చదివేవాళ్లకు నాదొక మనవి. పాత నూలు చీరలుంటే పడేయకుండా మీ పిన్నిగారికివ్వండి. ఆవిడ బొంత ఇస్తే బీరువాలో దాచకండి, వాడండి. చన్నీళ్లలో ఉతికి నీడన ఆరేయండి, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. మూలలు కలవలేదని మీకు కనపడినా చెప్పకండి, మీకంటే ముందు ఆవిడకే కనపడి ఉంటుంది. ఎంత ఖర్చయిందని మాత్రం పొరపాటున కూడా అడగొద్దు. ఆ లెక్క ఆవిడ కావాలనే వేసుకోలేదు.