పెంకుటింటి బేరము

రాజమండ్రి ఇన్నీసుపేటలోని ఆ మండువా లోగిలిని చూచివచ్చినది మొదలు నాకు నిద్ర కరవై, నన్నెరిగినవారికెల్ల ఉద్యోగము దొరకినది. తాపీమేస్త్రి గోడను పిడికిటితో తట్టి, "పడగొట్టి కట్టుకోవడం మేలండి" అని, తట్టినందులకు కూలి పుచ్చుకొనెను. వాస్తుపండితుడు ఆగ్నేయమునందలి నూతిని చూచి నిట్టూర్చి పూడ్పింపుమనెను. వానకాలమున ఆ యింట తక్కిన దిక్కులన్నిటను నీరుండునని ఆయన యెరుగడు. వకీలుగారు ఈసీ తీయించి, అప్పులు లేవుగాని వారసులున్నారని చెప్పి, ఆడపిల్లల హక్కును గూర్చిన 1986 నాటి మన రాష్ట్రపు సవరణను, 2005 నాటి కేంద్రపు సవరణను సాంతముగా వినిపించి, సంతకము చేయవలసిన అక్కచెల్లెండ్రలో ఒకరు టెక్సాసులోను ఒకరు అలుకలోను ఉన్నట్లు తేల్చిరి. ఆ రెండవ దూరమే యెక్కువయట.

ఇవియెల్ల సహింపవచ్చును. సహింపరానిది పెంకు. బాసెల్ మిషనువారు 1865లో మంగళూరున కర్మాగారము పెట్టి కాల్చనారంభించిన ఆ యెర్రని బిళ్ల దేశమెల్ల కప్పినదనుట చరిత్ర; నా నెత్తిమీద కురియుచున్నదనుట వర్తమానము. దాని మహిమయంతయు గాడిలో నున్నది. ఒకదాని యంచు వేరొకదాని గాడిలో ఇమిడిననే నీరు జారును. ఒక కంపెనీ పెంకు పగిలినచోట మరియొక కంపెనీ పెంకును పెట్టితిమా, అది వియ్యంకునివలె పైకి ఆనుకొని కూర్చుండునేకాని కష్టకాలమున చినుకైన నాపదు. పగులగొట్టిన కోతుల ననుటకు నాకు మనసొప్పదు. అవి కూలి యడుగవు. బాగుచేయ నెక్కినవాడో, ఒక పెంకు మార్చి 4 పెంకులు త్రొక్కి దిగును. ఆ నాలుగింటికై మరల నెక్కి 16, వానికై మూడవమారెక్కి 64. ఈ లెక్క సాగినచో కొంతకాలమునకు నా యింటికి కప్పుండదుగాని ఆతనికి డాబా లేచును.

పోనీ, గోడలైన సరిచేయింతమా? సున్నపుగోడకు సిమెంటు పూసినచో చెమ్మ బయటికి పోవు దారిలేక పూత పెచ్చులూడునని ఎంత మొత్తుకొనినను వినిపించుకొను మేస్త్రి లేడు. గానుగసున్నమన్నచో నవ్వుచున్నారు. నవ్వినవాడే సిమెంటు బస్తాలకు చీటీ వ్రాయుచున్నాడు!

మొన్న అమ్మువారు వెల కట్టిన కాగితము చూపిరి. స్థలమునకు గజమింతయని యున్నది. టేకు దూలములకును ద్వారబంధములకును పాతసామానువాడిచ్చు ధర యున్నది. కట్టడమునకు సున్న; పైగా పడగొట్టు కూలిక్రింద కొంత తగ్గింతురట. తరతరములుగా పెండ్లిండ్లు చేసి, పురుళ్లు పోసి, గోదావరి వరదలనాడు చుట్టములను దాచుకొనిన యిల్లు, ఇంకను నిలిచియున్నందులకు బాకీపడినది. పింఛను కాగితములతో బల్ల బల్లకు తిరిగినవాడను గనుక ఈ గణితము నాకు క్రొత్త గాదు. అయినను ఆ కాగితమును మడిచి వారికి తిరిగి యిచ్చుటకు నాకు కొంచెము సేపు పట్టినది.

నిన్న మరల కబురంపిరి. బయానా ఆదివారమిత్తునంటిని. ఏ ఆదివారమని వారడుగలేదు.