చామంతి జాగరణము

పట్టణమున నిద్రపట్టని వారిలో నాలుగు రాళ్ళు వెనకేసిన వారందరును మొయినాబాదు ప్రాంతమున గుంటల లెక్కన భూమి కొనుచుందురు. గండిపేట గాలియు, హిమాయత్‌సాగరు చల్లదనమును, వేకువజామున నెమలికూతయు దస్తావేజులో వ్రాయకున్నను భూమితోపాటు తమ పేర రిజిస్టరగునని వారి విశ్వాసము. ఉద్యోగవిరమణానంతరము నేనును ఆ విశ్వాసముతోనే చేవెళ్ళకు పోవు బీజాపూరు రోడ్డునకు కొంత ఎడముగా ఇల్లు కట్టుకొంటిని. ఆ రోడ్డుకిరువైపుల ఊడలు దించుకొని నిలిచిన వృద్ధవటవృక్షములకు సయితము, రోడ్డు వెడల్పు చేయుదురన్న వార్త పుట్టిన నాటినుండి సరిగా నిద్ర పట్టుచున్నట్లు తోచదు.

నా నిద్రకు ప్రథమశత్రువు పొరుగింటి కోడిపుంజు. అది వేగుచుక్కను చూచి కూయునని మా నాయనమ్మ చెప్పెడిది. కాని జపాను దేశమున నగోయా విశ్వవిద్యాలయమువారు పుంజులను ఎల్లవేళల మసకవెలుతురుండు గదులలో పెట్టి, సూర్యుని రాకపోకలు వానికి తెలియనీయక పరీక్షించి, అవి తమ లోపలి గడియారమును బట్టియే కూయుచున్నవని 2013లో ప్రకటించిరి. తరువాత రెండేండ్లకు అచటి శాస్త్రజ్ఞులే మరియొక రహస్యమును వెల్లడించిరి. తొలికూత హక్కు గుంపులోని పెద్దపుంజుదే నట. తక్కినవి, మేనేజరు దగ్గిన పిదప గుమాస్తాలు దగ్గినట్లు, హోదా వరుసను అందుకొనునట. మన గోడగడియారములు తూర్పు రేఖాంశము 82½ డిగ్రీల కాలమును చూపును. ఆ రేఖ కాకినాడ చేరువనుండి పోవును గనుక, సూర్యుడు చేవెళ్ళ నడినెత్తికి వచ్చుసరికి మరి సుమారు 17 నిమిషములు పట్టును. మా పెద్దపుంజు కాకినాడను గాని చేవెళ్ళను గాని లెక్కచేయక నాలుగు కాకమునుపే ప్రారంభించును.

ఆ వేళ లేపుటలోనే అసలు అన్యాయమున్నది. నిద్ర రాత్రిపొడుగునను ఏకరీతిగ సాగునది కాదు. ఇంచుమించు 90 నిమిషములకొక ఆవృత్తముగ తిరుగుచుండును. మూసిన రెప్పల క్రింద కనుగుడ్లు వడివడిగ కదలు దశ యొకటి కలదనియు, ఆ దశలో లేపబడినవారు తరచు కలలు చెప్పుదురనియు 1953లో చికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు లోకమునకు తెలిపిరి. ముందురాత్రి గాఢనిద్ర అధికము. తెల్లవారుచున్నకొలది ఈ స్వప్నదశ దీర్ఘమగును. అప్పుడు దేహమందలి కండరములు దాదాపు స్తంభించియుండును. లేకున్న, కలలో పులి తరిమినవాడు మంచము దిగి మొయినాబాదు చౌరస్తాదాక పరుగెత్తవలసివచ్చును. తెల్లవారుజామున వచ్చిన కల నిజమగునని పెద్దలందురు. అధికభాగము కలలు ఆ జాముననే వచ్చునప్పుడు వానిలో ఏదో యొకటి నిజము కాక యేమగును? నాకు మాత్రము, నా స్థలమునకు బేరము వచ్చి, కొనువాడు అంకె చెప్పుటకు నోరు తెరచునంతలో పుంజు కూయును.

చింతచెట్టు నాకంటె అదృష్టవంతురాలు. ప్రొద్దుగూకగనే ఆకులు ముడుచుకొని, తెల్లవారగనే విప్పుకొనును. అలెగ్జాండరు నావికాధికారులలో నొకడైన ఆండ్రోస్థెనిస్ దీనిని ఇరువదిమూడు శతాబ్దములకు పూర్వమే చూచి వ్రాసియుంచెను. 1729లో ద మైరాన్ అను ఫ్రెంచివాడు ఇట్లే ఆకులు ముడుచు మొక్క నొకదానిని చీకటిలో పెట్టగా, వెలుతురు లేకున్నను అది వేళకు విప్పుకొనుచు, వేళకు ముడుచుకొనుచునే యుండెను. తరువాతి కథలో నాయిక పండ్లపై ముసురు చిన్న ఈగ. దాని దినచర్యను శాసించు జన్యువు జాడ 1971లో దొరకినది. ఆ జన్యువు పనిచేయు తీరును తేల్చిన హాల్, రోస్‌బాష్, యంగ్ అను మువ్వురు 2017లో నోబెలు బహుమానము నందుకొనిరి. మా వంటింట మ్రగ్గిన జామపండ్లపై ముసురుచున్న బంధువర్గమునకు అందులో భాగమేమియు రాలేదు.

ఇక అసలు సంగతి. ఒక శీతకాలపు రాత్రి పుంజుకంటె ముందే మెలకువ వచ్చి బయటికి రాగా, పక్కచేనంతయు దీపములతో దేదీప్యమానమై యుండెను. మోకాలెత్తు కర్రలకు తీగలు కట్టి, వరుసవరుసకు బల్బులు వ్రేలాడదీసిరి. రైతు గట్టున కూర్చుండి చుట్ట కాల్చుచుండెను.

“ఏం పటేలా, చేనులో పెండ్లా?”

“పెండ్లి గాదు సారూ, చామంతికి జాగారం. రాత్రి పొడుగైందని దానికి ఎర్కైతే జానెడు లేవకముందే మొగ్గేస్తది. నడిజాముల బుగ్గలేస్తే ఇంకా పొద్దు పొడుగే ఉన్నదనుకొని ఏపుగ పెరుగుతది.”

“అది మోసము కాదా?”

“మోసమే. మార్కెట్ల రేటు మనకు జేసే మోసం ముంగట గిదెంత?”

అతడు చెప్పినది అక్షరాల శాస్త్రము. చామంతి ఆకులలో ఫైటోక్రోమ్ అను వర్ణద్రవ్యమున్నది; దాని సాయమున మొక్క చీకటి నిడివిని కొలుచుకొనును. నడిరేయి కొంతసేపు వెలుతురు పడినచో, దీర్ఘరాత్రి రెండు పొట్టిరాత్రులుగ చీలి, లెక్క తప్పి, మొగ్గతొడుగు వాయిదాపడును. నేనును ఊరకుండక, మనుష్యులకును ఇట్టిదే కలదని పటేలునకు బోధింపబూనితిని: రెండు కంటినరములు కలిసికొను చోటికి కొంచెము పైన, సుమారు 20,000 కణముల ముద్ద యొకటి దేహమునకెల్ల గడియారమై యున్నదనియు, రాత్రివేళ నీలికాంతి కంట పడినచో అది ఇంకను పగలనుకొని, నిద్రవేళను చాటు మెలటోనిన్ను వెలువడనీయదనియు సవిస్తరముగ చెప్పితిని. అతడు నా చేతిలో వెలుగుచున్న సెల్‌ఫోనును, నా ముఖమును మార్చిమార్చి చూచి, “అయితే మీరు మొగ్గేసుడు ఎన్నడు సారూ?” అనెను.

నా మేనల్లుడు గచ్చిబౌలిలో అమెరికావారి కొలువున రాత్రియంతయు మేలుకొని, పగలు కర్టెనులు బిగించుకొని పండుకొనువాడు. వీసా కొరకు చిలుకూరు బాలాజీకి పదునొకండు ప్రదక్షిణములు చేసి మా యింటికి వచ్చెను. డాలర్ల మీద అంత మోజా యని అడుగగా, “డాలర్లకు కాదు మామయ్యా, అక్కడైతే ఇదే పని పగలు చేసుకోవచ్చు” అనెను. స్వామి కరుణించెను, వాడు డల్లాసు చేరెను. మ్రొక్కు తీర్చుకొనుటకు నూటయెనిమిది చేయవలెను గదా, మొన్న విమానము దిగిన మరునాడే తిరిగి చిలుకూరు వచ్చినాడు. దేహములోని గడియారము కొత్త దేశమునకు రోజుకు గంట చొప్పుననే జరుగును. ఉదయము పదిన్నరకు, చుట్టునకొక గడి కొట్టివేయు కార్డు ఒక చేతను, పెన్ను ఒక చేతను పట్టుకొని, అరమోడ్పు కన్నులతో తూగుచు నడచుచున్న వానిని చూచి, వెనుక నున్న ముసలమ్మ యెవరో ఎంతటి భక్తియని చేతులు జోడించినది. డల్లాసులో అప్పుడు అర్ధరాత్రి. వాడు ముప్పదియేడవ గడిని మూడవమారు కొట్టివేయుచుండెను.